ముంపులో మునిగిన ట్రాక్ సైకిలు: నాలుగు నెలల పని డైరీ

2024 జనవరి 6, శనివారం

డిసెంబరు 3, 4 తేదీలలో మిగ్‌జాం తుపాను వాన చెన్నైని ముంచినప్పుడు ముడిచ్చూరులోని మా ఇంటి కింది అంతస్తులోకి మోకాలి లోతు నీరు వచ్చింది. తుపాను 5వ తేదీన మన బాపట్ల దగ్గర తీరం దాటే వేళకు ఇక్కడ వాన తెరిపినిచ్చింది గానీ, వీధిలో నిలిచిన నీరు దిగడానికి మరికొన్ని రోజులు పట్టింది. బియ్యం, పుస్తకాలు, పరుపులు మేడ మీదికి చేర్చగలిగాం. మెట్ల కింద గోడకు ఆనించి ఉన్న ట్రాక్ సైకిలు గుర్తుకు వచ్చేసరికి రెండు చక్రాల మధ్యన ఉండే హబ్బులూ, పెడల్స్ తిరిగే ఇరుసు ఉండే బీబీ గొట్టమూ బురద నీటిలో మునిగిపోయి ఉన్నాయి. నెల రోజులు ఇంటి పనులతోనే సరిపోయింది. ఈరోజు దానిని మేడ మీదికి మోసుకెళ్ళి తలకిందులుగా నిలబెట్టి పని మొదలుపెట్టాను.

ట్రాక్ సైకిలుతో పరిచయం లేనివారి కోసం దాని సంగతి కొంత చెప్పాలి. దీనికి గేర్లు లేవు, బ్రేకులు లేవు, ఫ్రీవీలు కూడా లేదు. వెనుక చక్రం తిరుగుతున్నంతసేపూ పెడల్స్ తిరుగుతూనే ఉంటాయి. కాళ్ళు ఆపి జారిపోవడం ఇందులో సాధ్యం కాదు, వేగం తగ్గించాలంటే కాళ్ళతోనే ఎదురు ఒత్తిడి పెట్టాలి. నాది రెండేళ్ళ కిందట చేతులు మారి వచ్చిన స్టీలు ఫ్రేము. వెనుక హబ్బు వెడల్పు 120 మిల్లీమీటర్లు, ఇరుసు కూర్చునే గాడి వెనక్కి తెరుచుకుని ఉంటుంది. వేసవి ముదిరేలోగా దీనిని మళ్ళీ సిద్ధం చేసి, వండలూరు–కేళంబాక్కం రోడ్డులో మేలకోట్టైయూర్ దగ్గర ఉన్న వెలోడ్రోమ్‌లో, అంటే సైకిలు పందేల ట్రాక్‌లో, నిలబడిన చోటు నుంచి కిలోమీటరు దూరాన్ని 1 నిమిషం 25 సెకన్ల లోపు పూర్తి చేయాలన్నది నా సంకల్పం. నా వయసు నలభై మూడు. ముంపుకు ముందు నా ఉత్తమ సమయం 1 నిమిషం 26.8 సెకన్లు.

సీటు కడ్డీ ఊడిరాలేదు. ఫ్రేము స్టీలు, సీటు కడ్డీ అల్యూమినియం. తడి తగిలినప్పుడు ఈ రెండు లోహాల మధ్య తుప్పు తొందరగా పుట్టి, అల్యూమినియం మీద పేరుకున్న తెల్లని పొర ఉబ్బి గొట్టాన్ని బిగబట్టేస్తుంది. తుప్పు వదిలించే నూనెను అంచు చుట్టూ పోసి రాత్రంతా వదిలిపెట్టాను.

జనవరి 7, ఆదివారం

పశ్చిమ తాంబరంలో నెల్లూరు వైపు నుంచి వచ్చి చాలా కాలంగా సైకిలు షాపు నడుపుతున్న పెద్దాయన ఒకరున్నారు. ఆయన దగ్గర బలమైన వైస్ ఉంది. సీటు కడ్డీ తలను ఆ వైస్‌లో బిగించి, ఫ్రేమునే ఒక పొడవాటి పిడిలా పట్టుకుని ఇద్దరం అటూ ఇటూ తిప్పాం. "బలంతో లాగకు నాయనా, ముందు తిరగనీ, తిరిగిన తరువాత దానంతట అదే వస్తుంది" అన్నారాయన. పావుగంట తరువాత కిర్రుమంటూ కదిలింది, ఆ తరువాత నిజంగానే దానంతట అదే వచ్చింది. సీటు గొట్టంలోంచి అర గ్లాసు బురద నీరు కారింది. నెల రోజుల పాటు ఆ నీరు లోపలే నిలిచి ఉందన్నమాట.

బీబీ విప్పడం ఇంకా ఓపిక పట్టిన పని. బీబీని గొట్టంలో పట్టి ఉంచే కుడి వైపు కప్పుకు మరలు ఎడమకు తిరిగి ఉంటాయి, అంటే దానిని ఊడదీయాలంటే గడియారం ముల్లు తిరిగే దిశలోనే తిప్పాలి. ఆ గొట్టం వెడల్పు 68 మిల్లీమీటర్లు, మరల కొలత బీఎస్ఏ. ఈ మాట వినగానే మనవాళ్ళకు చిన్ననాటి సైకిలు గుర్తుకు వస్తుంది గానీ, మొదట అది బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్ అనే ఇంగ్లండు తుపాకుల కంపెనీ పేరు. ఆ కంపెనీ సైకిలు భాగాలకు పెట్టుకున్న మర కొలతే ప్రపంచమంతటా నిలబడింది. ఆ పేరుతో సైకిళ్ళు చేసిన టీఐ సైకిల్స్ 1949లో ఇదే మద్రాసులో పుట్టింది. కప్పు ఊడిన తరువాత చూస్తే లోపలి బాల్స్ ఎర్రటి ముద్దగా మారిపోయి ఉన్నాయి. పాత ఇరుసు మీద బాల్స్ నడిచిన దారిలో గుంటలు పడ్డాయి. దానిని పక్కన పెట్టి, రెండు వైపులా మూసి ఉన్న బేరింగ్ బీబీ వేయాలని నిర్ణయించాను.

జనవరి 13, 14, 15

సంక్రాంతికి ఊరు వెళ్ళలేదు. మూడు రోజులూ ఫ్రేము మీదే గడిచాయి. గొట్టాల లోపలి తుప్పును తీగ బ్రష్షుతో అందినంత మేర గీకి, ఉడికించిన అవిసె నూనెను బీబీ రంధ్రం గుండా పోసి, ఫ్రేమును నాలుగు వైపులకూ వంచుతూ లోపలంతా పట్టించి, ఆరడానికి ఎండలో వేలాడదీశాను. ఆరిన అవిసె నూనె గట్టి పొరగా మారి గాలినీ తేమనూ లోహానికి దూరంగా ఉంచుతుంది. సముద్రపు ఉప్పు గాలి ఉన్న ఈ ఊళ్ళో స్టీలు ఫ్రేముకు ఇంతకన్నా చవకైన రక్షణ నాకు తెలియదు. బయట తుప్పు పట్టిన చోట్ల గరుకు కాగితంతో రుద్ది, ప్రైమరు వేసి, ముదురు నీలం రంగు రెండు పొరలు కొట్టాను. వెనుక ఇరుసు గాడి ఉండే డ్రాపౌట్ల మీద కూడా రంగు చక్కగా, సమంగా పడింది. దాని మీద నాకు చాలా తృప్తి కలిగింది. ఈ వాక్యాన్ని ఫిబ్రవరిలో మళ్ళీ చదువుకోవలసి వచ్చింది.

జనవరి 21, ఆదివారం

హబ్బులు. ముందు హబ్బులో ఒక్కో వైపు 3/16 అంగుళం బాల్స్ పది, వెనుక హబ్బులో ఒక్కో వైపు పావు అంగుళం బాల్స్ తొమ్మిది. పాతవాటిని లెక్కపెట్టి తీసి, కిరసనాయిలుతో కప్పులు కడిగి, కొత్త బాల్స్‌ను గ్రీజులో పొదిగాను. ఇరుసు మీద ఉండి బాల్స్‌ను నొక్కి పట్టే కోన్ బిగింపు కుదరడానికి గంట పట్టింది. ఎక్కువ బిగిస్తే ఇరుసు వేళ్ళ మధ్య గరగరలాడుతుంది, తక్కువైతే చక్రం పక్కలకు ఊగుతుంది. ముందు హబ్బు ఎడమ కోన్ మీద చిన్న గుంట ఒకటి కనిపించింది. ప్రస్తుతానికి అదే వేసి, తరువాత మార్చాలని రాసిపెట్టుకున్నాను.

వెనుక చక్రం వంకర తీయడానికి మళ్ళీ పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ట్రాక్ చక్రంలో కుడి వైపు ఏడెనిమిది పళ్ళచక్రాల గుత్తి ఉండదు కనుక రెండు వైపులా పుల్లలు దాదాపు ఒకే కోణంలో, ఒకే బిగువుతో ఉంటాయి. రోడ్డు సైకిలు వెనుక చక్రంలో ఈ సమతూకం కుదరదు. ఆయన పుల్లలను ఒక్కొక్కటిగా వేలితో మీటుతూ శబ్దాన్ని విన్నారు. శబ్దం మందంగా ఉన్న చోట పుల్ల కొసన ఉండే నిపుల్‌ను పావు చుట్టు బిగించి, పదునుగా ఉన్న చోట పావు చుట్టు వదిలి, ముప్పై రెండు పుల్లలూ ఒకే స్వరం పలికేదాకా తిప్పారు. "రిమ్ము కళ్ళకు తిన్నగా కనబడితే చాలదు నాయనా, పుల్లలన్నీ ఒకే మాట మీద ఉండాల" అన్నారు. ఆయన చేతిలో టెన్షన్ మీటరు లేదు, అవసరం కూడా కనబడలేదు.

వెనుక పళ్ళచక్రాన్ని హబ్బు మీద కూర్చోబెట్టేటప్పుడు మరలకు గ్రీజు పూసి గొలుసు కొరడాతో, అంటే పళ్ళచక్రాన్ని పట్టి తిప్పే గొలుసు ముక్క ఉన్న పిడితో, గట్టిగా బిగించాను. దాని మీద, అది ఊడకుండా పట్టి ఉంచే లాక్‌రింగు అనే ఉంగరాన్ని ఎడమ మరతో బిగించాను. కాళ్ళు ముందుకు తొక్కినప్పుడు పళ్ళచక్రం మరింత బిగుసుకుంటుంది. వేగం తగ్గించడానికి వెనక్కి ఒత్తినప్పుడు అది వదులవడానికి చూస్తుంది. ఆ సమయంలో దానితో పాటు లాక్‌రింగు కూడా తిరగబోతే, ఎడమ మర కావడం వల్ల అది ఊడిపోయే బదులు ఇంకా బిగుసుకుంటుంది. బ్రేకులు లేని సైకిలు మీద మనిషి ప్రాణం ఆ ఉంగరం మీద ఆధారపడి ఉంటుంది.

ఫిబ్రవరి 4, ఆదివారం

తొలిసారి ట్రాక్ మీదికి. మాతో కలిసి తొక్కే కుర్రవాడు ఒకడు కారులో సైకిళ్ళు ఎక్కించుకుని తెల్లవారుజామున వచ్చాడు. అతను నన్ను అన్నా అంటాడు, నాకు సమయం తీసే బాధ్యత అతనిదే. కాంక్రీటు మీద మంచు తడి ఆరేదాకా ఆగి, 48 పళ్ళు ముందు, 16 పళ్ళు వెనుక గేరుతో పది చుట్లు నెమ్మదిగా తిరిగాను. అంతా నునుపుగా, నిశ్శబ్దంగా నడిచింది. ఆ తరువాత అతను సీటు పట్టుకుని నిలబెట్టగా, నిలబడిన చోటు నుంచి పూర్తి బలంతో లేచాను. మూడో తొక్కుకే వెనుక నుంచి టైరు రాసుకుంటున్న శబ్దం, కాలిన రబ్బరు వాసన వచ్చాయి. దిగి చూస్తే చక్రం ఎడమ చైన్‌స్టేకు, అంటే బీబీ నుంచి వెనుక ఇరుసుకు వెళ్ళే ఫ్రేము గొట్టానికి, అతుక్కుని ఉంది.

ఇంటికి వచ్చి లెక్క వేశాను. నిలబడి లేచేటప్పుడు హ్యాండిలును పైకి లాగుతూ పెడల్ మీద వంద కిలోల బరువు మోపాననుకుందాం. పెడల్‌ను బీబీ ఇరుసుకు కలిపే క్రాంకు పొడవు 165 మిల్లీమీటర్లు. 48 పళ్ళ ముందు పళ్ళచక్రం వ్యాసార్ధం సుమారు 97 మిల్లీమీటర్లు. అంటే గొలుసు మీద పడే లాగుడు దాదాపు 170 కిలోలు. ఆ లాగుడంతా ఇరుసు కుడి కొనను ముందుకు గుంజుతుంది. కుడి కొన రెండు మిల్లీమీటర్లు జారినా చక్రం ముందు భాగం ఎడమకు తిరిగి చైన్‌స్టేకు తగులుతుంది. ఆ జారుడును ఆపవలసింది రెండు నట్టుల పట్టు ఒక్కటే.

ఆ పట్టు ఎందుకు లేదో నట్టు విప్పగానే తెలిసింది. జనవరిలో నేను అంత శ్రద్ధగా వేసిన నీలం రంగు నట్టు కింద నలిగి, ముద్దగా పక్కకు జరిగింది. నట్టు పళ్ళు ఉక్కును కొరకవలసింది పోయి రంగు పొరను కొరికాయి. పైగా గ్రీజు చేత్తో ముట్టుకోవడం వల్ల డ్రాపౌట్ మీద పల్చటి జిడ్డు కూడా ఉంది. ఇన్నాళ్ళూ సైకిలు పని అంటే తిరిగే భాగాలను నునుపుగా తిరిగేలా చేయడమేనని నా మనసులో ఉండేది. తిరగకూడని చోట, జారకూడని చోట గరుకుదనాన్ని కాపాడటం కూడా అంతే పని. ఈ సైకిలు మీద ఏ ముఖం జారాలి, ఏ ముఖం పట్టుకోవాలి అన్నది ఒక్కొక్క భాగానికీ విడిగా రాసుకుంటే తప్ప మిగతా పని మొదలుపెట్టకూడదనుకున్నాను.

ఫిబ్రవరి 10, శనివారం

డ్రాపౌట్ల రెండు ముఖాల మీదా రంగును పూర్తిగా గీకి ఉక్కు బయటపెట్టాను. స్పిరిట్‌తో తుడిచాను. అరిగిపోయిన పాత నట్టుల స్థానంలో, తిరిగే వాషరు మీద పదునైన పళ్ళున్న కొత్త ట్రాక్ నట్టులు వేశాను. ఇరుసు మరలకు మాత్రం గ్రీజు పూశాను, ఎందుకంటే మర నునుపుగా ఉంటేనే పాణా మీద పెట్టిన బలం బిగింపుగా మారుతుంది. మర పొడిగా ఉంటే ఆ బలంలో చాలా భాగం రాపిడికే పోతుంది. ఒకే నట్టులో మర జారాలి, ముఖం పట్టుకోవాలి. ఇరుసు ముందుకు జారకుండా వెనక్కి పట్టి ఉంచే గొలుసు లాగుడుపట్టీ కూడా ఒకటి కుడి వైపు తగిలించాను. ఇక గీకిన చోట తుప్పు పట్టకుండా, బిగించిన తరువాత అంచుల చుట్టూ మాత్రమే పల్చగా మైనం రుద్దాను.

గొలుసు బిగువు కుదర్చడం మిగిలింది. క్రాంకును నెమ్మదిగా తిప్పితే గొలుసు ఒకచోట తీగలా బిగుసుకుంటోంది, అర చుట్టు తరువాత వదులవుతోంది. ముందు పళ్ళచక్రం తన కేంద్రం మీద సరిగ్గా కూర్చోలేదని దాని అర్థం. దానిని క్రాంకుకు పట్టి ఉంచే ఐదు బోల్టులను కొంచెం వదులు చేసి, గొలుసు బిగుసుకున్న చోట మధ్యలో చెక్క పిడితో మెల్లగా తట్టి, మళ్ళీ తిప్పి చూసి, ఇలా నాలుగైదు సార్లు చేసిన తరువాత తేడా దాదాపు పోయింది. బోల్టులను వరసగా కాక ఒకటి విడిచి ఒకటిగా బిగించాను. అన్నిటికన్నా బిగువుగా ఉన్న చోట కూడా గొలుసు మధ్యలో ఒక సెంటీమీటరు ఆడేలా ఉంచాను. బొత్తిగా ఆడకుండా బిగిస్తే బేరింగుల మీద భారం పడుతుంది. మరీ వదులైతే వేగంలో గొలుసు ఊడి చక్రం బిగుసుకుపోయే ప్రమాదం ఉంది.

ఇంట్లో ఇటువంటి సైకిలు పెట్టుకున్నవారికి ఒక్క హెచ్చరిక. చక్రం తిరుగుతుండగా గొలుసును గుడ్డతో తుడవకండి. ఫ్రీవీలు లేదు కాబట్టి గుడ్డ పళ్ళలో చిక్కుకుంటే చక్రం ఆగదు, గుడ్డతో పాటు వేళ్ళను కూడా లోపలికి లాగేస్తుంది, వేళ్ళు తెగిపోతాయి. చక్రాన్ని ఆపి, జానెడు గొలుసు తుడిచి, క్రాంకును కొంచెం తిప్పి, మళ్ళీ ఆపి మరో జానెడు తుడవాలి. పిల్లలున్న ఇంట్లో సైకిలును చేతికి అందేలా తలకిందులుగా నిలబెట్టి వదిలేయకూడదు.

ఫిబ్రవరి 18, ఆదివారం

చక్రం కదలలేదు. బిగించిన తరువాత నట్టు అంచు మీదుగా డ్రాపౌట్ మీదికి తెల్లని పెయింటు పెన్నుతో ఒక గీత గీసి ఉంచాను. నాలుగు సార్లు నిలబడి లేచిన తరువాత కూడా గీత ఒకే తిన్నన ఉంది.

333.33 మీటర్ల చుట్టుకు మూడు చుట్లు సరిగ్గా కిలోమీటరు. 48×16 మీద చుట్ల సమయాలు 31.2, 27.0, 29.2, మొత్తం 1 నిమిషం 27.4 సెకన్లు. ఇవి చేతి గడియారంతో తీసినవి కాబట్టి పదో వంతుల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. మొదలు బాగుంది, కానీ రెండో చుట్టులో కాళ్ళు వేగానికి అందక గిలగిలలాడాయి. ఆ గేరులో పెడల్ ఒక చుట్టుకు సైకిలు సుమారు 6.29 మీటర్లు సాగుతుంది. కిలోమీటరుకు 159 చుట్లు తొక్కాలి. రెండో చుట్టులో నా కాళ్ళు నిమిషానికి 118 సార్లు తిరిగాయన్నమాట.

మార్చి 10, ఆదివారం

గేరు మార్చాను: ముందు 49, వెనుక 15. పెడల్ ఒక చుట్టుకు దాదాపు 6.85 మీటర్లు, కిలోమీటరుకు 146 చుట్లు. 49 బేసి సంఖ్య కావడం వల్ల ఒక చిన్న లాభం ఉంది: గొలుసులో వెడల్పు లింకు, సన్న లింకు ఒకదాని తరువాత ఒకటి వస్తాయి కాబట్టి, సరి సంఖ్య పళ్ళున్న చక్రంలో ఒక పన్నుకు ఎప్పుడూ ఒకే రకం లింకు తగులుతుంది, బేసి సంఖ్యలో చుట్టు చుట్టుకూ మారుతూ అరుగుదల సమానంగా పంచుకుంటాయి.

31.9, 25.7, 28.0. మొత్తం 1 నిమిషం 25.6 సెకన్లు. పెద్ద గేరు మొదటి చుట్టులో ఏడు పదో వంతులు తీసుకుని, రెండో చుట్టులో సెకనుకు పైగా తిరిగి ఇచ్చింది.

ఈరోజు నేర్చుకున్నది టైర్లలోని గాలి గురించి. తెల్లవారుజామున ఇంట్లో 115 పీఎస్ఐ ఒత్తిడికి గాలి కొట్టుకుని బయలుదేరాను. తొమ్మిదింటికి ఎండలో ఉన్న నల్లటి టైరును చేత్తో ముట్టుకుంటే వేడిగా ఉంది, గేజి పెడితే 122 చూపించింది. కాంక్రీటు పలకల అతుకుల దగ్గర సైకిలు టకటకమని ఎగురుతోంది. ఆ ఎగురుడులో నా బలం కొంత వృథా అవుతోందని కాళ్ళకే తెలుస్తోంది. చెక్క ట్రాక్ మీద పనికొచ్చే గాలి ఆరుబయట కాంక్రీటు మీద పనికిరాదు. ఇక మీద ట్రాక్ దగ్గరికి వెళ్ళిన తరువాతే, నీడలో, 105కు సరిచూసుకోవాలి.

మార్చి 24, ఆదివారం

ట్రాక్‌కు వెళ్ళలేదు. పన్నెండు అంగుళాల పొడవులో కొత్త గొలుసు లింకు పిన్నులు సరిగ్గా స్కేలు గీత మీద పడాలి. నా గొలుసు 1/16 అంగుళం దాటింది. ముంపు నీటి తరువాత కూడా దానినే కడిగి వాడాను, అది పొరపాటు. కొత్త 1/8 అంగుళం గొలుసు వేశాను.

ఏప్రిల్ 7, ఆదివారం

ఉగాదికి రెండు రోజుల ముందు. గాలి తక్కువ, ఎండ ఇంకా ఎక్కలేదు. గత రాత్రి రాసుకున్న పట్టిక ప్రకారం నట్టులు, లాక్‌రింగు, క్రాంకు బోల్టులు, పెడల్స్, హ్యాండిలు అన్నీ వరసగా చూశాను. టైర్లలో 105.

కుర్రవాడు సీటు పట్టుకుని ఐదు నుంచి వెనక్కి లెక్కపెట్టాడు. మొదటి చుట్టులో నిలబడే తొక్కాను, రెండో వంపు దాటిన తరువాత కూర్చున్నాను. ట్రాక్ లోపలి అంచున దూరం కొలిచే నల్ల గీతను వదలకుండా తొక్కడమే కష్టం; ఒక చేయి ఎత్తు పైకి పోయినా దూరం పెరుగుతుంది. ఆఖరి వంపులో తొడలు బండబారి కళ్ళ ముందు గీత ఒక్కటే మిగిలింది. వెనుక నుంచి "అన్నా, వదలొద్దు అన్నా" అని అరుపు వినబడింది. 30.4, 25.6, 27.6. మొత్తం 1 నిమిషం 23.6 సెకన్లు.

2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో ఇదే దూరాన్ని బ్రిటన్‌కు చెందిన క్రిస్ హోయ్ 1 నిమిషం 0.711 సెకన్లలో ముగించి స్వర్ణం గెలిచాడు. ఆ తరువాత ఈ పోటీని ఒలింపిక్స్ నుంచి తొలగించారు. 2022లో ఢిల్లీలో జరిగిన ఆసియా ట్రాక్ పోటీల్లో మన మణిపూర్ యువకుడు రొనాల్డో సింగ్ ఇదే కిలోమీటరులో కాంస్యం, స్ప్రింట్‌లో రజతం తెచ్చాడు. ఈరోజు ఆఖరి వంపులో నా ఒంటికి తెలిసిన దాన్ని బట్టి, వాళ్ళు ఆ చోట ఎంత వేగంతో ఉండి ఉంటారో తలచుకుంటే ఆ అంకెల పట్ల నాకు గౌరవం ఇంకా పెరిగింది.

దిగగానే కాళ్ళు నిలబడక సైకిలు పక్కనే కూలబడ్డాను. కళ్ళకు సరిగ్గా ఎదురుగా వెనుక ఇరుసు ఉంది. తెల్లని గీత నట్టు మీది నుంచి డ్రాపౌట్ మీదికి వెంట్రుకంత తేడా లేకుండా తిన్నగా ఉంది.

ముందు హబ్బు ఎడమ కోన్ మీది గుంట పెరిగింది. ఇరుసు తిప్పితే వేళ్ళకు తగులుతోంది. పెద్దాయన కొత్త కోన్ తెప్పిస్తానన్నారు. వచ్చే ఆదివారం తమిళ సంవత్సరాది సెలవు గనుక ఆయన షాపు తెరవరు, సోమవారం సాయంత్రం చక్రం తీసుకుని వెళ్ళాలి.